అక్క చెప్పడం మానేసిన నొప్పి

వైద్య కళాశాల గ్రంథాలయం కింద ఇంకో అంతస్తు ఉంది. పదిహేడు మెట్లు దిగి, ఇనుప తలుపు తోసి లోపలికి వెళితే పాత పత్రికల గది వస్తుంది. ముప్పై మూడేళ్ళుగా ఆ గది చిట్టిది. కాగితాల మీద ఆమె సహాయ గ్రంథపాలకురాలు. కళాశాలలో వాళ్ళకీ, ఇంట్లో వాళ్ళకీ మాత్రం ఉత్త చిట్టే. ఆ ముద్దుపేరు పెట్టింది అక్క. ఉద్యోగంలో చేరిన కొత్తలో పొద్దస్తమానం పుస్తకాల వివరాలు చిన్న చిన్న చీటీల మీద రాసి సొరుగుల్లో పేర్చడమే పని. మా చిట్టికి పేరుకి తగ్గ ఉద్యోగం దొరికిందని అక్క కనబడ్డ వాళ్ళందరికీ చెప్పి నవ్వేది.

తల్లి పోయేనాటికి చిట్టికి తొమ్మిదేళ్ళు, అక్కకి పదహారు. తండ్రి సరుకుల లారీతో ఊళ్ళు పట్టుకు తిరిగే మనిషి. నెలలో నాలుగు రోజులు ఇంటిపట్టున ఉంటే గొప్ప. అక్క మారు మాట్లాడకుండా బడి మానేసి చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో చేరింది. కాలర్ల విభాగం. ఆ హాలుకి కిటికీలు లేవు. దుమ్ము పడితే తెల్లబట్ట పాడవుతుందని కట్టినప్పుడే మూసేశారు. ట్యూబులైట్ల కింద నూట ఇరవై మిషన్లు ఒక్కపెట్టున మోగుతూ ఉండేవి. అక్క తెల్లవారకముందే వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేది. ఆదివారం వస్తే ఇంట్లో పని గుట్టలుగా ఉండేది. ఆమె ఒంటికి ఎండ తగిలేది బట్టలు ఆరేసే పది నిమిషాలే.

అయినా ఇంటికి వచ్చిందంటే అక్క నోరు ఊరుకునేది కాదు. చెప్పులు విడిచి, కాళ్ళు బారజాపి, గోడకి చేరబడి మొదలుపెట్టేది. ఎవరి గోట్లో సూది దిగిందో, ఎవరి మిషన్ మొరాయించిందో, సూపర్‌వైజర్ ఏ మూల దొంగచాటుగా కునుకు తీశాడో అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. నడుం లాగేస్తోందనీ, భుజాలు పట్టేశాయనీ, వేళ్ళు కొంకర్లు పోతున్నాయనీ మధ్యమధ్య విసుక్కునేది. చిట్టి పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఒక చేత్తో అక్క పిక్కలు నొక్కుతూ ఇంకో చేత్తో పేజీలు తిప్పేది. అలా నొక్కుతూనే పరీక్షలన్నీ గట్టెక్కింది. అక్క కాలర్లు కుట్టి చదివిస్తే గ్రంథాలయ కోర్సు పూర్తిచేసి ఇక్కడికి వచ్చి పడింది.

తర్వాత అక్క పెళ్ళి చేసుకుంది. బావ బస్సు డిపోలో మెకానిక్. నెమ్మదైన మనిషి. పెళ్ళయ్యాకా అక్క ఫ్యాక్టరీ మానలేదు. చిట్టి పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగిన వాళ్ళకి కుదరలేదని ఒక్క ముక్కతో సరిపెట్టేది.

అక్కకి నలభై ఒకటో ఏట నొప్పులు పట్టుకున్నాయి. ఇవి అలసట నొప్పులు కావు. పడుకుంటే పోయేవి కావు. తొడల్లో లోపలెక్కడో ఎముకని పట్టుకుని పిండుతున్నట్టు ఉండేది. పక్కటెముకల మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడేది. ముగ్గురు డాక్టర్లు చూశారు. ఎక్స్‌రేలు తీశారు, రక్తం తీశారు. ఏమీ లేదన్నారు. ఇలాంటి నొప్పులకి ఇప్పుడు చేసే రక్తపరీక్ష అప్పట్లో ఎవరూ రాసేవారు కాదు.

అప్పుడొక మధ్యాహ్నం అక్క గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి చిట్టి గదికి వచ్చింది. ఆ వారం కళాశాలకి తనిఖీ ఉంది. నాలుగు సొరుగుల చీటీలు బల్ల నిండా పరుచుకుని చిట్టికి ఊపిరి సలపడం లేదు.

"మీ దగ్గర ఇన్ని పుస్తకాలున్నాయి కదే. ఇందులో నా నొప్పి ఎక్కడైనా ఉందేమో చూడవే," అంది అక్క.

చిట్టి చూసింది. చేతిలో పని పక్కన పెట్టకుండానే, ఓ అరగంట అటూ ఇటూ తిరగేసింది. ఒక పత్రికలో ఒక వ్యాసం దొరికింది. కారణం కనబడని నొప్పులతో వచ్చే నడివయసు ఆడవాళ్ళలో చాలామందికి మూలం మనసులో ఉంటుందని అందులో ఉంది. చిట్టి చీటీలు పేర్చుకుంటూనే ఆ మాట చెప్పింది. "మనసుకి సంబంధించింది అంటున్నారక్కా. ఎక్కువ ఆలోచించకు, అదే సర్దుకుంటుంది."

అక్క తల ఊపింది. మంచినీళ్ళు తాగి గ్లాసు బోర్లించింది. సంచీ భుజానికి తగిలించుకుని వచ్చిన దారినే మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆమె నోట నొప్పి అన్న మాట చిట్టి మళ్ళీ వినలేదు. మొదట్లో, పోన్లే, తగ్గినట్టుందని తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. ఏడాది తిరిగేసరికి అసలు సంగతి అర్థమైంది. పోయింది నొప్పి కాదు, మాట. అక్క కాళ్ళు బారజాపి కబుర్లు చెప్పడం మానేసింది. చిట్టి వెళితే మర్యాదగా కూర్చోబెట్టేది, అడిగిన దానికి జవాబిచ్చేది. ఇంకో ఏడాదికి బావకి బదిలీ అయి, అక్క ఫ్యాక్టరీ మానేసి, ఇద్దరూ నాలుగు గంటల బస్సు దూరంలో ఉన్న ఊరికి వెళ్ళిపోయారు. ఇక మిగిలింది ఆదివారం ఫోను. బాగున్నావా అంటే బాగున్నా. ఒంట్లో ఎలా ఉందంటే, దానికేం, బాగానే ఉంది. వానలు పడుతున్నాయా అంటే పడుతున్నాయి. మూడు నిమిషాల్లో ముగిసేది. అవతల అక్క పెట్టేశాక కూడా చిట్టి ఫోనుని చెవి దగ్గరే పెట్టుకుని కాసేపు కూర్చునేది. నడుం లాగేస్తోందే అని అక్క ఒక్కసారి విసుక్కుంటే చాలనిపించేది. తోబుట్టువు ఒళ్ళు నొప్పి అంటే వినాలని మొహం వాచిపోయిన మనిషి లోకంలో తనొక్కతేనేమోనని తనలో తనే నవ్వుకునేది. ఆ నవ్వు గొంతు దాటి బయటికి వచ్చేది కాదు.

అలా ఇరవై రెండేళ్ళు గడిచాయి.

ఈమధ్య నొప్పుల విభాగంలో కొత్తగా ఒక డాక్టరమ్మ చేరింది. ముప్పై ఐదు దాటి ఉండవు. ఒకరోజు చేతిలో లాప్‌టాప్‌తో కింది గదికి దిగి వచ్చి, చిట్టి సాయం కావాలంది. విటమిన్ డి కీ, నెలల తరబడి వదలని నొప్పులకీ సంబంధం ఉందా అని లోకమంతా వ్యాసాలు రాస్తోందట. తను కొత్తగా మందు కనిపెట్టబోవడం లేదట. ఇన్నేళ్ళలో ఎవరెవరు ఏం వెతికారు, ఏ ఏడు ఎన్ని వ్యాసాలు వచ్చాయి, ఏ దేశం నుంచి వచ్చాయి, ఏ మాట పక్కన ఏ మాట వస్తోంది అన్నది కూడగట్టి, ఈ పరిశోధన ఎటు నడుస్తోందో చూపిస్తుందట. కంప్యూటర్ వేల వ్యాసాలు తెచ్చి పోస్తుంది కానీ అందులో ఒకటే రెండుసార్లు, ఒకే మనిషి పేరు మూడు రకాలుగా ఉంటుంది. ఏరడానికి ఓపికా, అనుభవం ఉన్న మనిషి కావాలి.

ఆ పని చిట్టికి వెన్నతో పెట్టిన విద్య. రెండు వారాలు తలమునకలుగా పనిచేసింది. డాక్టరమ్మ తెర మీద ఒక బొమ్మ గీసి చూపించింది. ఒక్కో మాటకీ ఒక్కో చుక్క, కలిసి వచ్చే మాటల మధ్య గీతలు. పాత రోజుల్లో విటమిన్ చుక్క పక్కన ఎముకల చుక్క ఒక్కటే బిక్కుబిక్కుమంటూ ఉంది. పోనుపోను దాని చుట్టూ నడుంనొప్పి, కండరాలు, నిద్ర, కుంగుబాటు, వాపు అంటూ గుంపు చేరింది. ఇటీవలి ఏళ్ళలో మాత్రలిచ్చి పరీక్షించిన ప్రయోగాలు పెరిగాయి. వ్యాసాల సంఖ్యని ఏడాదివారీగా నిలబెడితే ఎడమ పక్క నేలబారుగా ఉండి, కుడివైపుకి వచ్చేకొద్దీ ఎత్తు పెరిగింది.

చిట్టి కళ్ళు మాత్రం ఎడమ పక్కనే ఆగిపోయాయి. అక్క మెట్లు దిగి వచ్చిన ఏడు అది. అక్కడ గీత దాదాపు నేలకి అంటుకుని ఉంది. చూడగానే ఏదో బరువు దిగినట్టయింది. లేదు కాబట్టే దొరకలేదు. తన తప్పేం లేదు.

ఆ ఊరట ఎక్కువసేపు నిలవలేదు. చేతిలో ఉన్న విద్య ఊరుకోదు కదా. కంప్యూటర్ ఇప్పటి మాటలతో వెతుకుతోంది, అప్పట్లో ఈ పేర్లతో ఎవరు రాశారని తనకే తోచింది. ఆ మాటే డాక్టరమ్మతో అంది. ఎముకలు మెత్తబడటం, ఎండ తగలకపోవడం, కారణం తెలియని ఒళ్ళు నొప్పులు, ఇలాంటి పాత మాటలతో వెతికితే ఇంకొన్ని దొరుకుతాయని చెప్పింది. డాక్టరమ్మ మొహం వెలిగిపోయింది. పాత సంచికలు కొన్ని కంప్యూటర్లోకి ఎక్కనే లేదు కాబట్టి చిట్టి నిచ్చెన వేసుకుని బైండు పుస్తకాలు దించడం మొదలుపెట్టింది.

మూడో రోజున దొరికింది. ఐదు పేజీల చిన్న వ్యాసం. కిటికీల్లేని చోట పనిచేసే ఆడవాళ్ళు, తొడల్లో, నడుంలో, పక్కటెముకల్లో నొప్పులు. చాలామందికి మనసు జబ్బని చెప్పి పంపేశారనీ, రక్తంలో విటమిన్ డి చూస్తే బాగా తక్కువగా ఉందనీ, ఎముకలు లోపల మెత్తబడ్డాయనీ రాశారు. ఆ సంచిక మొదటి పేజీ మీద ఊదారంగు సిరాతో గ్రంథాలయానికి చేరిన తేదీ ముద్ర ఉంది. ముద్ర పక్కన పొట్టి సంతకం చిట్టిదే. అక్క వచ్చిన రోజుకి సరిగ్గా పదకొండు రోజుల ముందు తేదీ. తనిఖీ తేదీ గుర్తుంది కాబట్టి లెక్క తప్పే వీలు లేదు.

చిట్టి నిచ్చెన మీదే కూర్చుండిపోయింది. ఆ అలమర నుంచి తన బల్లకి ఏడడుగులు. అక్క నిలబడ్డ చోటికి ఇంకా తక్కువ.

మర్నాడు డాక్టరమ్మకి వ్యాసం ఇస్తూ, ఏదో మాటవరసకి అడిగినట్టు, ఇలాంటి మనిషికి ఇప్పుడు మాత్రలిస్తే తగ్గుతుందా అని అడిగింది. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. విటమిన్ తక్కువున్న వాళ్ళలో నొప్పులు ఎక్కువగా కనిపిస్తున్నాయి. అయితే తక్కువవడం వల్ల నొప్పి వచ్చిందా, నొప్పితో ఇల్లు కదలక, ఎండ తగలక తక్కువైందా అన్నది ఇంకా తేలలేదు. మాత్రలిచ్చి చూస్తే కొందరికి తగ్గింది, చాలామందికి తేడా తెలియలేదు. ఎముకలు మెత్తబడి ఉంటే మాత్రం సంగతి వేరు, అక్కడ వైద్యం పనిచేస్తుంది. చూడకుండా చెప్పలేమంది. ఆగి, చిట్టి మొహంలోకి చూసి అడిగింది. "ఎవరండీ ఆమె?"

"మా అక్క," అంది చిట్టి.

ఆ శనివారం వ్యాసం జిరాక్స్ తీసుకుని బస్సెక్కింది. అక్క వాళ్ళది మూడో అంతస్తు. రెండు గదులు, ఎదురుగా ఇంకో మేడ గోడ. మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాలి. బావ తలుపు తీశాడు. అక్క వంటింట్లో ఉంది. చెప్పులు విప్పుకుంటుంటే బావ గొంతు తగ్గించి చెప్పాడు. "నిద్రలో మూలుగుతుందమ్మా మీ అక్క. పొద్దున అడిగితే నేనా, లేదే అంటుంది. ఇన్నేళ్ళుగా ఇదే వరస." మామూలుగా వాతావరణం గురించి తప్ప మాట్లాడని మనిషి.

అక్క వచ్చి ఎదురుగా కూర్చుంది. జుట్టు పూర్తిగా నెరిసింది. కుర్చీలో కూర్చునేముందు రెండు చేతులూ ఆనించి, ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది. ఇరవై రెండేళ్ళుగా ఎన్నిసార్లు ఇలా కూర్చుని ఉంటుందో. తను ఒక్కసారీ చూడలేదు, లేదా చూసి పట్టించుకోలేదు. చిట్టి బస్సులో నాలుగు గంటలు కూడబలుక్కున్న మాటలన్నీ ఆవిరైపోయాయి. కాగితాలు అక్క ఒళ్ళో పెట్టి, అందులో ఏముందో చెప్పి, ముద్ర చూపించింది.

"నువ్వు వచ్చిన రోజు ఇది ఆ గదిలోనే ఉందక్కా. నేను చూడలేదు."

అక్క ఆ ముద్ర మీద వేలు పెట్టి తడిమింది. బావ మెల్లగా లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

"నా నొప్పి పుస్తకంలో దొరకలేదని నాకేం కోపం రాలేదే," అంది అక్క. గొంతులో ఎత్తిపొడుపు లేదు. "ఉండకపోవచ్చు, అన్నీ పుస్తకాల్లో ఉంటాయా? నువ్వు నా మొహం చూడకుండా చెప్పావు. ఆ చీటీల వంకే చూస్తూ చెప్పావు. మెట్లెక్కుతున్నప్పుడు అనుకున్నా. చిట్టే నమ్మకపోతే ఇంకెవరికి చెప్పుకోను, ఎందుకు చెప్పుకోను అని."

చిట్టికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. క్షమించమని అడగాలనుకుంది కానీ ఆ మాట అక్క ముందు చాలా చిన్నదిగా తోచింది. "ఇప్పుడు చూస్తున్నా. చెప్పక్కా," అంది.

"ఇప్పుడేముంది చెప్పడానికి? బాగానే ఉన్నా," అని అక్క కాగితాలు మడిచి తిరిగిచ్చేసి వంటింట్లోకి వెళ్ళింది.

ఆ పూటంతా అలాగే గడిచింది. భోజనాలయ్యాయి. పాత ఇంటి గురించి, చనిపోయిన వాళ్ళ గురించి పొడి పొడిగా మాట్లాడుకున్నారు. చిట్టి మళ్ళీ అడగలేదు. ఆదివారం ఉదయం తిరుగు ప్రయాణమైతే బస్సు దాకా వస్తానంది అక్క. వద్దన్నా వినలేదు. ఇద్దరూ మెట్లు దిగుతున్నారు. రెండో అంతస్తు మలుపులో అక్క కమ్మీ పట్టుకుని ఆగిపోయింది. పెదవి కొరుక్కుంది. చిట్టి రెండు మెట్లు కింద నిలబడి ఆమెనే చూస్తోంది. చెయ్యి అందించబోయి ఆగింది. మొహం మీది నుంచి చూపు మాత్రం తిప్పలేదు.

"ఇదిగో, ఇక్కడ," అంది అక్క తొడ మీద చెయ్యి పెట్టుకుని. "మెట్లు దిగేటప్పుడు ఇక్కడ మొదలై ఇలా లోపలికంటా పోతుంది. ఎక్కేటప్పుడు ఇంకో రకం. ఎవరో ఎముకలో మేకు దిగ్గొడుతున్నట్టు."

ఇద్దరూ ఆ మెట్ల మీదే కూర్చున్నారు. అక్క చెప్పింది. పక్కటెముకల గురించి, ఒక పక్కకి తిరిగి పడుకోలేకపోవడం గురించి, తల దువ్వుకుంటుంటే దువ్వెన జారిపోవడం గురించి చెప్పింది. ఫ్యాక్టరీలో చివరి రెండేళ్ళు మిషన్ తొక్కలేక గుండీల లెక్కకి మారిందట. ఆ సంగతి చిట్టికి ఇప్పటిదాకా తెలియదు. పై అంతస్తుల వాళ్ళు పక్కకి తప్పుకుని దిగి వెళుతున్నారు. ఒకాయన ఏమైందమ్మా, లేవలేకపోతున్నారా అని కంగారుపడితే, ఏం లేదండీ, మా చెల్లెలికి చాడీలు చెబుతున్నా అంది అక్క. చిట్టి ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోయింది. దాని తర్వాతదీ వెళ్ళిపోయింది.

ఆ వారమే డాక్టరమ్మ చెప్పిన పరీక్షలన్నీ చేయించారు. విటమిన్ డి ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు. ఎముకలు మెత్తబడ్డాయని అక్కని చూసిన ఆ ఊరి డాక్టరు తేల్చాడు. వారానికొకటి చొప్పున మాత్రలు, రోజూ క్యాల్షియం, పొద్దుటిపూట డాబా మీద కాసేపు కూర్చోమని చెప్పాడు. నాలుగు నెలలకి తొడల నొప్పి బాగా దిగింది. పక్కటెముకలు కుదుటపడ్డాయి. వేళ్ళూ మెడా మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. అవి వేరే అరుగుదలనీ, మాత్రలు వాటికి పనిచేయవనీ డాక్టరు ముందే చెప్పాడు. ముందే ఈ మందు పడి ఉంటే ఫ్యాక్టరీలో ఆ చివరి రెండేళ్ళు మరోలా ఉండేవా అని చిట్టి ఒకసారి అడిగింది. ఉండొచ్చు అని మాత్రం అన్నాడాయన. ఆ ఒక్క మాట ఆమెని చాలా రోజులు వెంటాడింది.

డాక్టరమ్మ వ్యాసం అచ్చయింది. కృతజ్ఞతల్లో చిట్టి అసలు పేరు ఉంది. వ్యాసం చివరి వాక్యం చిట్టి అక్కకి ఫోనులో చదివి వినిపించింది. ఈ విషయం మీద మరిన్ని పరిశోధనలు అవసరం అని ఉందంటే అక్క పకపకా నవ్వింది. "ఇన్నేళ్ళు ఇంతమంది వెతికి, ఇంకా వెతకాలని రాశారా? నాలాంటి వాళ్ళని నాలుగు మాటలు అడిగినా సరిపోయేదేమో."

ఇప్పుడు ఆదివారం ఫోను మూడు నిమిషాల్లో ముగియదు. అక్క మెడ గురించి పది నిమిషాలు చెబుతుంది. వేళ్ళ గురించి చెబుతుంది. డాబా మీద కూర్చుంటే పక్కింటావిడ వచ్చి కబుర్లతో తల తినేస్తోందని విసుక్కుంటుంది. చిట్టి ఊ కొడుతూ వింటుంది. అయినా ఆకలి తీరదు. జరిగిపోయిన ఏళ్ళు కూడా కావాలనిపిస్తుంది. ఒకసారి ఉండబట్టలేక అడిగింది. బదిలీ మీద ఆ ఊరు వెళ్ళిన మొదటి ఏడు ఎలా ఉండేదక్కా, అప్పుడు ఎక్కడెక్కడ నొప్పిగా ఉండేది, ఎలా నెట్టుకొచ్చావని.

అక్క కాసేపు ఆలోచించింది. "ఏమోనే. గుర్తు రావడం లేదు. ఉన్నన్నాళ్ళూ అదే లోకం. తగ్గాక ఎలా ఉండేదో చెప్పమంటే ఎక్కణ్ణుంచి తేను?"

చిట్టి సరేలే అంది. తను వినకుండా పోయిన ఇరవై రెండేళ్ళు ఇప్పుడు అక్క దగ్గర కూడా లేవన్నమాట. అవతల అక్క అప్పటికే ఇంకో సంగతిలో పడింది. కొత్తగా చేయించుకున్న కళ్ళజోడు ముక్కు మీద నిలవడం లేదట, వంగితే జారిపోతోందట. చిట్టి కుర్చీ గోడ దగ్గరికి జరుపుకుని, ఏ పక్కకి జారుతోందని అడిగింది.